గుర్తులు మారినప్పుడు



ఈ నెల మేము ఫోనులోని పటమును గూర్చి వ్రాయదలచాము. వాక్యము చెప్పవలసిన కాపరికి ఫోను పటముతో ఏమి పని అని కొందరు అనుకొనవచ్చును. కాని ఒక సాయంకాలము జరిగిన సంగతి మమ్మును ఈ ఆలోచనకు నడిపించింది.

పొరుగు మండలములోని ఒక గ్రామములో వృద్ధుడైన విశ్వాసి ఒకాయన ప్రభువునందు నిద్రించాడని కబురు వచ్చింది. భూస్థాపన సాయంత్రము 4 గంటలకు. మా సంఘములోని ఒక తమ్ముడు కిరాయి కారు నడుపుకొని బ్రదుకుచున్నాడు. ఆ కారులోనే బయలుదేరాము. దారి సగము బాగుగానే సాగింది. తరువాత ఆ తమ్ముడు కారు ముందు తగిలించిన ఫోనును ఒకసారి నొక్కాడు, మరలా నొక్కాడు. కొంతసేపటికి మేము కాలువగట్టు మీద ఉన్నాము. ముందుకు పోయే వీలు లేదు, త్రిప్పుకొనే చోటు లేదు. వెనుకకు వెనుకకు నడిపించుకొని పెద్ద రోడ్డు ఎక్కేసరికి గంటకు పైగా గడిచిపోయింది. మేము చేరేసరికి చీకటి పడుచున్నది. ఆ కుటుంబము పెట్టెను వాకిట ఉంచుకొని మా కొరకు ఎదురుచూచుచున్నది.

మాకు చాలా సిగ్గువేసింది. ఆ సిగ్గును కోపముగా మార్చుకొని, "ఏమి తమ్ముడూ, దారి చూసుకోకుండానే బయలుదేరావా?" అని నలుగురి ఎదుట అనేశాము. అతడు మారు పలుకలేదు. తిరిగి వచ్చునప్పుడు, చాలా దూరము వచ్చిన తరువాత, మెల్లగా ఇలా చెప్పాడు:

"అయ్యగారూ, నాకు అక్షరాలు రావని మీకు తెలుసు గదా. ఫోనులో ఏ బొమ్మ ఎక్కడుంటదో చూసి గుర్తు పెట్టుకున్నాను. మాట వినిపించే బొమ్మ ఒక మూలనుండేది. మొన్న రాత్రి అదేదో అప్‌డేట్ అంట, పొద్దున చూస్తే అన్నీ తారుమారయ్యాయి. పాతచోటే గదా అని నొక్కితే మాట రాలేదు, దారే మారిపోయింది. పిల్లలు చదివిపెట్టేదాకా నాకు తెలియలేదండి. మీ అందరి ముందు ఫోను ఎవరికి చూపించి అడగమంటారు?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అది ఏ కంపెనీ పటమన్నది ఇక్కడ ముఖ్యము కాదు. చదువు వచ్చిన మనకు గుర్తు స్థలము మారితే రెండు నిమిషముల చిరాకు. చదువు రాని ఆ తమ్మునికి ఆ గుర్తున్న స్థలమే అక్షరము. అది మారితే అతడు నేర్చుకొన్న చదువంతా ఒక్క రాత్రిలో తుడిచివేసినట్లే.

ఇది లోకమంతటా ఉన్న మాటే

ఈ బాధ మన పల్లెలది మాత్రమే కాదని తరువాత తెలిసికొన్నాము. గూగుల్ మ్యాప్స్ 2005 ఫిబ్రవరి 8న మొదలైంది. 2013లో కంప్యూటర్లలో దాని రూపమును పూర్తిగా మార్చారు. క్రొత్తది చూపులకు బాగున్నది గాని, ఒకే ప్రయాణములో నాలుగైదు ఊళ్లను వరుసగా చేర్చి దారి చూచుకొనే సదుపాయము మొదట అందులో లేదు. సరుకులు చేరవేయువారు, ఊరూరు తిరిగి పనిచేయువారు దాని కొరకు మొరపెట్టుకొన్నారు. పాత కంప్యూటర్లున్నవారు క్రొత్త పటము చాలా నెమ్మదిగా తెరచుకొనుచున్నదన్నారు. కొన్ని నెలల తరువాత ఆ సదుపాయమును తిరిగి చేర్చారు, పాత యంత్రముల కొరకు తేలికైన రూపమొకటి ఇచ్చారు. పాత పటము కావాలనుకొన్నవారు 2015 వరకు దానిని వాడుకొనగలిగారు. ఆ తరువాత దానిని తీసివేశారు.

2023 చివరి నెలలలో రంగులు మార్చారు. పసుపుగా ఉండిన పెద్ద రోడ్లు బూడిదరంగుకు తిరిగినవి. నీళ్ల నీలము, తోటల పచ్చదనము కూడ వేరు ఛాయలకు మారినవి. పటము లోకమును మరింత ఉన్నదున్నట్లు చూపవలెనని ఈ మార్పు చేయుచున్నామని కంపెనీ చెప్పింది. కాని పెద్ద రోడ్డేదో చిన్న రోడ్డేదో చూడగానే తెలియుట లేదని అనేకులు విసిగిపోయారు. అంతకు సుమారు 15 సంవత్సరముల క్రిందట ఆ పటమును తీర్చిదిద్దినవారిలో ఒకరైన ఎలిజబెత్ లరాకీ అను ఆమె కూడ, క్రొత్త రంగులలో వెచ్చదనము, మానవత్వము తగ్గినవని బహిరంగముగా వ్రాసింది. రంగులకంటె ముందు పటము మీద క్రిక్కిరిసియున్న గుర్తులను తగ్గించవలసినదని ఆమె అభిప్రాయము. చేసిన చేతులే అలా అన్నప్పుడు వాడువారి మాటను వట్టి సణుగుడని కొట్టివేయలేము గదా.

మార్పు ప్రాణము మీదికి వచ్చిన సందర్భము కూడ ఉన్నది. 2012 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ తన ఫోనులలో అంతవరకు ఉండిన గూగుల్ పటమును తీసివేసి, తన సొంత పటమును పెట్టింది. అందులో తప్పులు విస్తారముగా ఉండినవి. కొన్ని దినములకే, సెప్టెంబరు 28న, కంపెనీ అధిపతి టిమ్ కుక్ బహిరంగ లేఖ వ్రాసి క్షమాపణ చెప్పుకొన్నాడు. తమ పటము బాగుపడే వరకు ఇతరుల పటములను వాడుకొనుడని కూడ అందులో చెప్పాడు. అయినను డిసెంబరులో ఆస్ట్రేలియా దేశములోని విక్టోరియా పోలీసులు ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. మిల్డ్యూరా అను పట్టణమును ఆ పటము అసలు చోటికి 70 కిలోమీటర్ల దూరమున, నీళ్లు దొరకని ఎడారివంటి అడవిప్రాంతములో చూపింది. దానిని నమ్మి వెళ్లిన కొందరు అక్కడ చిక్కుకొనిపోయారు. ఆ ప్రాంతములో ఎండ 46 డిగ్రీల వరకు పోవునని పోలీసులు చెప్పారు.

మార్చినవారు వెనుకకు తగ్గిన సంగతి ఒకటి చెప్పుకొందాము. లండను నగరపు భూగర్భ రైళ్ల పటము ప్రసిద్ధమైనది. 2009 సెప్టెంబరులో ఆ పటము మరీ నిండిపోయినదని, అందులోనుండి థేమ్స్ నదిని తీసివేశారు. రైలు ఎక్కువానికి నదితో పని లేదు, నిజమే. కాని ఆ ఊరివారు తాము నదికి ఈవల ఉన్నామో ఆవల ఉన్నామో చూచుకొని దిక్కు తెలిసికొందురు. జనులు గోలపెట్టారు. మేయరు దానిని తిరిగి వేయుమన్నాడు. ఆ డిసెంబరులోనే నది మరలా పటములోనికి వచ్చింది. ఇంత పెద్ద నగరపు అధికారులు మూడు నెలలలో తమ నిర్ణయమును మార్చుకొనుట చిన్న సంగతి కాదు.

మార్చువారు ఎందుకు మార్చుచున్నారు?

న్యాయముగా మాట్లాడవలెనంటే ఆ పక్షము మాటయు వినవలెను. క్రొత్త రోడ్లు పడుచున్నవి, ఊళ్లు పెరుగుచున్నవి. చిన్న ఫోను మీద చూపవలసినవి ఏటేట ఎక్కువగుచున్నవి. ఒకరికి బస్సు కావలెను, ఒకరికి ఆసుపత్రి కావలెను, ఒకరికి పెట్రోలు బంకు కావలెను. కొన్ని మార్పులు మనకు మేలే చేసినవి. మన దేశములో జనులు వీధి పేర్లతో దారి చెప్పుకొనరని, గుడి ప్రక్కన, బంకు దాటగానే, రావిచెట్టు దగ్గర అని చెప్పుకొందురని గ్రహించి, 2009లో గూగుల్ వారు ఆనవాళ్లను పట్టి దారి చెప్పుట మొదలుపెట్టారు. 2018లో తెలుగులో దారి చెప్పే మాట వచ్చింది. ఆ తమ్ముడు కిరాయి కారు నడుపగలుగుచున్నాడంటే ఇటువంటి మార్పుల వలననే.

గనుక మార్పు పాపము కాదు. అయితే మార్పులో దాగియున్న ఒక కష్టమును మనము గుర్తింపవలెను. క్రొత్తరూపము కొందరి ఫోనులకు ముందుగా, కొందరికి ఆలస్యముగా వచ్చును. ఒకే ఇంటిలో భర్త ఫోనులో ఒక విధముగా, భార్య ఫోనులో మరియొక విధముగా ఉండును. "నాకు కనబడుచున్నది, నీకెందుకు కనబడదు?" అని వాదులాట! ఇద్దరి మాటయు నిజమే. అంతకంటె ముఖ్యమైనదేమనగా, మార్చువాడు పటమును దినమంతయు చూచుచుండును గనుక క్రొత్తది అతనికి త్వరలోనే పాతదగును. వాడువాడు దారిలో, తొందరలో, ఎండలో, ఒక చేత స్టీరింగు పట్టుకొని దానిని చూచును. ఆ సమయములో కన్ను కంటె ముందు చేయి పోవును. చేతికి తెలిసినది పాత స్థలమే.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో, చూపులేనివానిని దారి తప్పించువాడు శాపగ్రస్తుడని ప్రజలందరిచేత ఒప్పించిన మాట ఉన్నది. అదే వరుసలో, దానికి ముందు వచనములోనే, పొరుగువాని సరిహద్దు గుర్తును జరుపువానిని గూర్చి ఉన్నది. ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండుట మేము మునుపు గమనింపలేదు. సరిహద్దు రాయి పొలము గలవానికి గుర్తు, దారి చూపు లేనివానికి గుర్తు. బలహీనుడు దేనిని ఆనుకొని నడచుచున్నాడో దానిని బలవంతుడు తన ఇష్టముచొప్పున జరుపకూడదు. పటములు గీయువారు కావలెనని చూపులేనివానిని దారి తప్పించుచున్నారని మేము అనుట లేదు. కాని తెలియక జరిపినను రాయి జరిగినదే గదా. పొలము కోల్పోయినవాడు వచ్చి చెప్పినప్పుడు వినవలసియున్నది.

వినుట ఎట్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూపుచున్నది. యెరూషలేము సంఘము పెరుగుచున్న దినములవి. అనుదిన ఆహారము పంచుటలో గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఏమి చేశారు? "ప్రభువు పనికి అడ్డు వచ్చుచున్నారు" అని గద్దింపలేదు. ఎక్కువమందికి బాగానే అందుచున్నది గదా అని లెక్క చెప్పలేదు. సంఘమునంతటిని పిలిచి, ఏడుగురిని ఏర్పరచి, ఆ పనిని వారికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లు చూడుడి, అన్నియు గ్రీకు పేర్లే. ఏ పక్షము బాధపడినదో ఆ భాష, ఆ కష్టము తెలిసినవారి చేతికే పని ఇచ్చారన్నమాట. ఆ పిమ్మట దేవుని వాక్యము ఇంకను వ్యాపించినదని అక్కడే వ్రాయబడియున్నది. ఫిర్యాదు వలన సంఘము చెడిపోలేదు, ఫిర్యాదును విన్నందున సంఘము పెరిగింది.

మా సొంత తప్పు

ఇంతవరకు వ్రాసి కలము క్రింద పెట్టినయెడల మేము వేషధారులమగుదుము. మూడు సంవత్సరముల క్రిందట మా మందిరమునకు రంగులు వేయించాము. ఎన్నో ఏండ్లుగా ముదురు నీలము రంగులో ఉండిన గేటును, చూచుటకు అందముగా ఉండునని, తెలుపుకు మార్చాము. గోడయు తెలుపే. అందరు మెచ్చుకొన్నారు. ఆ తరువాత మూడు ఆదివారములు ఒక మామ్మ ఆరాధనకు రాలేదు. జ్వరమేమో అనుకొన్నాము. నాలుగవ వారము ఇంటికి వెళ్లి, "ఏమి మామ్మా, కనబడుట లేదు?" అని అడిగాము.

ఆమె ఇలా అన్నది: "కళ్లు మసకలయ్యగారూ. ఆ నీలం రంగు మచ్చ కనబడితే అదే మన గుడి అనుకొని వచ్చేదాన్ని. ఇప్పుడు అంతా తెల్లగా ఉంటది. మొదటివారం ఎదురింటి వాకిట్లో నిలబడ్డాను. వాళ్లు నవ్వారు. మరి రాలేదు."

మామ్మ ఎవరితోను ఫిర్యాదు చేయలేదు. ఊరకే రావడము మానుకొన్నది. ఫిర్యాదు చేసినవారిని మనము చూచుచున్నాము. మౌనముగా వెళ్లిపోయినవారిని చూచుట లేదు. పటము కంపెనీవారికి వ్రాసిన ప్రతి ఉత్తరము వెనుక, వ్రాయుట రాక చాలించుకొన్నవారు ఎందరుందురో! కాపరులమైన మా సంగతియు అంతే. ఆ వారములోనే గేటుకు మరల నీలము రంగు వేయించాము. దానికైన ఖర్చు స్వల్పము. మామ్మ పోగొట్టుకొన్న మూడు ఆదివారములను మాత్రము మేము తిరిగి ఇవ్వలేకపోయాము.

ఆ పాఠము ఒకసారి నేర్చుకొని కూడ, కారులో ఆ తమ్ముని గద్దించాము. మరుసటి ఆదివారము ఆరాధన అయిన పిమ్మట, ఏ నలుగురి ఎదుట అన్నామో ఆ నలుగురి ఎదుటనే అతని చేయి పట్టుకొని క్షమాపణ అడిగాము. యౌవనస్థుల కూటములో ఇద్దరిని పిలిచి, అతనికి క్రొత్త గుర్తులు చూపి పెట్టుడని చెప్పాము. అరగంటలో నేర్చుకొన్నాడు. అరగంట పని కొరకు ఒక మనిషి ఎన్ని దినములు సిగ్గుపడుచు తిరిగెనో!

కుటుంబములకు కొన్ని మాటలు

ఇంటిలోని పిల్లలారా, ఫోనులో రూపము మారినప్పుడు, అమ్మానాన్నలు, తాతమ్మలు అడుగక ముందే కూర్చుండబెట్టి చూపుడి. "ఇంత చిన్నది తెలియదా?" అను మాట నోట రానియ్యకుడి. వారి చేతనే రెండు మూడుసార్లు నొక్కించుడి. చూచి నేర్చుకొన్నది మరచిపోవుదురు, చేసి నేర్చుకొన్నది నిలుచును.

ప్రయాణము చేయువారలారా, దూరపు ఊరికి పోవునప్పుడు ఇంటివద్దనే ఒకసారి పటము తెరచి దారి చూచుకొనుడి. సిగ్నలు లేని చోట కూడ పనిచేయునట్లు ఆ ప్రాంతపు పటమును ముందుగా ఫోనులోనికి దించుకొనవచ్చును. వెళ్లవలసిన ఊరివారిని రెండు ఆనవాళ్లు అడిగి వ్రాసికొనుడి. రంగు మారినను వాటర్ ట్యాంకు మారదు. ఎంత మంచి పటమైనను మన కన్నులకు బదులు కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతమున, వరదకు ఒక భాగము కొట్టుకొనిపోయిన వంతెన మీదనుండి కారు నదిలో పడి ముగ్గురు మరణించారు. వారు ఫోను పటమును అనుసరించి వెళ్లారని వార్తలలో వచ్చింది. సందేహము కలిగిన చోట కారు ఆపి, దారిన పోవు మనిషిని అడుగుటకు సిగ్గుపడకుడి.

చదువుకొన్నవారలారా, పటములో తప్పున్నా, మార్పు కష్టము కలిగించినా, తిట్టి ఊరకుండక ఆ సంగతిని వారికి తెలుపుడి. దాదాపు ప్రతి పటములోను అభిప్రాయము పంపుటకు, తప్పు దిద్దించుటకు ఒక చోటు ఉన్నది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటమునైతే ఎవరైనను ఉచితముగా తామే దిద్దవచ్చును. వ్రాయునప్పుడు "చెత్తగా ఉన్నది" అని వ్రాయకుడి. "ఫలాని గుర్తు ఫలాని చోటనుండి తీసినందున చదువు రాని డ్రైవరు దారి తప్పాడు" అని వ్రాయుడి. మీ కొరకు మాత్రమే కాక, వ్రాయలేని ఆ తమ్ముని కొరకు వ్రాయుడి. అరణ్యములో ఇశ్రాయేలీయులు సణిగినది తమ కడుపుల కొరకు. యెరూషలేములో అడిగినది విధవరాండ్ర కొరకు. ఈ రెంటికి గల భేదము చాలా గొప్పది.

సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, మనము కూడ మార్పులు చేయుచునే ఉన్నాము. ఆరాధన వేళ మార్చుచున్నాము, పాటల పుస్తకము మార్చుచున్నాము, ఇంటిలో ముసలి తండ్రి మంచము ఒక గదినుండి మరియొక గదికి జరుపుచున్నాము. మార్చవద్దని మేము చెప్పుట లేదు. మార్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొందము: దీనిని ఆనుకొని నడచుచున్నవారు ఎవరు? వారిని అడిగామా?

మన ప్రభువు తప్పిపోయిన ఒక్క గొఱ్ఱె కొరకు వెదకిన కాపరి. తొంబది తొమ్మిది ఉన్నవి గదా అని ఆయన లెక్క చూచుకొనలేదు. లోకములో పటములు ఇంకను మారును, రంగులు మారును, గుర్తులు మారును. ఆయన మాత్రము నిన్నటివలెనే నేడును ఉన్నాడు. ఆయనను వెంబడించువారమైన మనము మన ప్రక్కన నడచువాని అడుగును చూచి నడుచుదము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా తొందరలో మేము జరిపివేసిన గుర్తులను మాకు జ్ఞాపకము చేయుము. మా వలన దారి తప్పి, సిగ్గుచేత మౌనముగా ఉన్నవారిని మాకు చూపుము. వారి మాట వినుటకు చెవిని, మా తప్పు దిద్దుకొనుటకు తగ్గింపును అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.